కెమెరా కంటికి నా తలే కొలత

పాత ఫిల్మ్ కెమెరాలకు మళ్ళీ గిరాకీ వచ్చిందట. వాటి లోపలి కరెంటు పని నేర్పమని ఈ మధ్య ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్ళు మా ఇంటికి వచ్చారు. నాకిప్పుడు చూపు ఆనదు, సూది పట్టుకుంటే చెయ్యి నిలవదు. నేర్పలేను గానీ రాసి ఇస్తానన్నాను. ఏ తీగ ఎక్కడ అతకాలో పుస్తకాల్లో దొరుకుతుంది. పుస్తకాల్లో దొరకనివి నా తప్పులు. అవి మాత్రం నా దగ్గర పుష్కలంగా ఉన్నాయి.

చిత్తూరు బజారు వీధిలో, మిఠాయి అంగడికీ గొడుగులు బాగుచేసే అతనికీ మధ్య నా అంగడి ఉండేది. నా పేరు రమణయ్య. ఊళ్ళో మీటరు రమణయ్య అనేవాళ్ళు. వెలుతురు కొలిచే మీటర్లు బాగుచేస్తానని ఆ పేరు. అది తెలియని వాళ్ళు ఇంట్లో కరెంటు మీటరు కాస్త నెమ్మదిగా తిరిగేట్టు చేసిపెట్టమని చీకటి పడ్డాక వచ్చి బతిమాలేవాళ్ళు. ఆ పని ఒప్పుకుని ఉంటే ఈపాటికి మేడ కట్టి ఉండేవాణ్ణి, లేదంటే జైల్లో ఉండేవాణ్ణి.

మిగిలిపోయిన స్క్రూలు

నాకు నిజంగా వచ్చిన పని రేడియోలు. డెబ్బైల మొదట్లో కెమెరాల్లోకి బ్యాటరీలు వచ్చాయి. అప్పటిదాకా కెమెరా అంటే స్ప్రింగులూ పళ్ళచక్రాలే కాబట్టి గడియారాల వాళ్ళే వాటినీ చూసుకునేవాళ్ళు. లోపల వెంట్రుకంత తీగలూ, వెలుతురును పసిగట్టే చిన్న బిళ్ళా కనిపించేసరికి వాళ్ళు గబుక్కున మూత మూసి, ఇది కరెంటు వ్యవహారం, రేడియో ఆయన దగ్గరికి పొమ్మని పంపేవాళ్ళు. ఆ రేడియో ఆయన, అంటే నేను, అంతకుముందు కెమెరాను పెళ్ళిళ్ళలో దూరం నుంచి చూసినవాణ్ణే. తెలియదని చెప్పడానికి నామోషీ. పుచ్చుకున్నాను. మొదటి కెమెరా విప్పడానికి గంట పట్టింది, బిగించడానికి పదకొండు రోజులు పట్టింది. అప్పటికీ మూడు స్క్రూలు మిగిలాయి. ఆ మూడూ లేకుండానే అది పనిచేసింది. దాంతో నాకు తెలివి ఎక్కువైందనుకున్నాను.

ఆ పొగరు దిగింది వేలూరులో. అక్కడ ఏకాంబరం గారని పెద్దాయన ఒకరు, కెమెరాల కరెంటు పనిలో ఆరితేరినవాడు. ఆయన దగ్గర ఆరు నెలలు చేశాను. ఆయన మాట సగం అరవం, సగం తెలుగు. తిట్లు మాత్రం అచ్చమైన అరవం. ఆయన నాకు నేర్పినవి రెండే రెండు మాటలు. ఒకటి, మూత తీసేముందు కెమెరా తెచ్చిన మనిషిని అడగమని. రెండోది ఆయన మాటల్లోనే చెబుతాను.

"డేయ్ రమణా, కెమెరా కన్ను గుడ్డి కన్ను డా. నలుపు ఏంది, తెలుపు ఏంది దానికి తెలవదు. నువ్వు ఏది చూపినా బూడిద రంగే అనుకుంటాది."

అంటే, నల్లటి వస్తువు ఎదురైతే వెలుతురు చాలలేదనుకుని ఆ కన్ను ఎక్కువసేపు తెరుచుకుంటుంది. తెల్లటిది ఎదురైతే వెలుతురు ఎక్కువైందనుకుని చటుక్కున మూసుకుంటుంది. అందుకని దాన్ని సరిచేసేటప్పుడు ఎదురుగా నలుపూ తెలుపూ కాని బూడిద రంగు అట్ట పెట్టుకోవాలి. ఆయన గోడకు అలాంటి అట్ట ఒకటి ఎప్పుడూ వేలాడుతుండేది. నేను తలూపాను. తలూపడంలో నన్ను మించినవాడు లేడు.

చింతపండు వైద్యం

అసలు కథకు వచ్చేముందు నా తెలివి ఎంతటిదో మీకు ఒక మచ్చు చూపిస్తాను.

ఐరాలలో చెంగల్రాయుడని పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫరు ఉండేవాడు. వర్షాకాలమంతా బ్యాటరీ తీయకుండా కెమెరాను పెట్టెలో పెట్టేశాడు. బ్యాటరీ కారి, లోపలి రాగి రేకుల మీద పచ్చగా చిలుము పట్టింది. చిలుము తుడిచే స్పిరిట్ అయిపోయింది. కొత్త సీసా వచ్చేదాకా ఆగే ఓపిక నాకు లేదు. ఇంట్లో మా ఆవిడ సుశీల ఇత్తడి దీపాలకు పట్టిన చిలుమును చింతపండుతో రుద్దుతూ ఉంది. రాగికీ ఇత్తడికీ ఏం తేడా అనుకున్నాను. చిటికెడు చింతపండు తెచ్చి రుద్దితే రేకులు బంగారంలా మెరిశాయి. లోపల నీళ్ళు పడకూడదు కదా అని కడగకుండా పొడిగుడ్డతో తుడిచేశాను.

రెండు వారాల తర్వాత ఐరాలలో ఒక పెళ్ళి. తలంబ్రాల వేళ చెంగల్రాయుడు కెమెరా కంటికి ఆనించుకుంటే, పెళ్ళికూతురి నుదుటి మీద చీమల బారు పోతూ కనిపించిందట. అమ్మా, నుదురు తుడుచుకో అన్నాడు. ఆ పిల్ల తుడుచుకుంది. మళ్ళీ చూస్తే ఇంకో బారు. మళ్ళీ తుడుచుకోమన్నాడు. మూడోసారికి కల్యాణ తిలకం పూర్తిగా చెదిరిపోయి, పురోహితుడు లేచి నిలబడ్డాడు. చీమలున్నది పెళ్ళికూతురి నుదుటి మీద కాదు, కెమెరా లోపల.

చెంగల్రాయుడు మెత్తని మనిషి. కెమెరా నా బల్ల మీద పెట్టి ఒక్క మాటే అన్నాడు. "చింతపండు నువ్వు పెడితివి. మిరియాలు, ఉప్పు నేను తెస్తా. సారు కాచుకుందాం పట్టన్నా." ఆ రోజు నుంచి స్పిరిట్ సీసా నిండుగా లేకపోతే నేను మూత తీయలేదు. మీరూ తీయకండి.

తాత్కాలికం

వేలూరు నుంచి వచ్చి సొంతంగా బల్ల వేసుకున్నప్పుడు నా దగ్గర అన్నీ ఉన్నాయి, బూడిద రంగు అట్ట తప్ప. అలాంటిది మద్రాసులో దొరుకుతుందన్నారు. మద్రాసుకు పోయినప్పుడు తెద్దాం, అందాకా ఏదో ఒకటి అనుకున్నాను. ఆ ఏదో ఒకటి నా తలకాయ.

పద్ధతి ఇదీ. అంగడి వెనక గదిలో ఒక బల్బు. నల్లరంగు వేసిన చెక్క బీరువా ముందు ఒక స్టూలు. స్టూలు మీద నేను. ఎదురుగా అరలో కెమెరా, దాని మీట నొక్కడానికి నా చేతిలో పొడుగాటి వైరు. కరెంటు కన్ను ఉన్న కెమెరా ఒకసారి టక్కుమని తెరుచుకుంటుంది, కావలసినంత వెలుతురు అందాక మళ్ళీ టక్కుమని మూసుకుంటుంది. ఆ గదిలో ఆ బల్బు కింద రెండు టక్కుల మధ్య పావు సెకను ఉండాలి. పక్కన స్ప్రింగులతో నడిచే పాత కెమెరా ఒకటి పావు సెకనుకు పెట్టి ఉంచుకునేవాణ్ణి. దాన్ని ఒకసారి నొక్కి, దీన్ని ఒకసారి నొక్కి, రెండు కెమెరాల సవ్వడీ ఒకేలా వినిపించేదాకా లోపలి చిన్న స్క్రూ తిప్పేవాణ్ణి. నా చెవి చాలా గొప్పదని నాకు నమ్మకం. చెవి మంచిదే. గొడవంతా దాని పక్కనున్న జుట్టుతో.

అప్పట్లో నా తల మీద ఇద్దరికి సరిపడా జుట్టు ఉండేది. ఉంగరాలు తిరిగి, ఆముదం రాసి, నిగనిగలాడుతూ. నా రంగును మా అమ్మ చామనచాయ అనేది. అద్దం అట్లా అనేది కాదు. నల్లటి బీరువా ముందు నల్లటి జుట్టుతో నల్లటి మనిషి కూర్చుంటే, ఆ గుడ్డికన్ను పాపం ఎక్కువసేపు తెరుచుకునేది. నేను అది దాని జబ్బనుకుని స్క్రూ బిగించి తొందరపెట్టేవాణ్ణి. ఇట్లా ఎనిమిదేళ్ళు. మద్రాసుకు ఎన్నోసార్లు పోయాను. అట్ట మాత్రం తేలేదు.

పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్లు ఎవరూ ఏమీ అనలేదు. పెళ్ళికి వచ్చేవాళ్ళందరికీ జుట్టు ఉంటుంది. కొంచెం నలుపుగా వస్తే ఫిల్మునో, ప్రింటు వేసినవాణ్ణో తిట్టుకుని సరిపెట్టుకున్నారు.

మునిరత్నం

మునిరత్నానిది చంద్రగిరి. తిరుపతిలో సత్రం వసారాలో నిలబడి, గుండ్లు చేయించుకుని కొండ దిగివచ్చిన వాళ్ళకు ఫోటోలు తీసేవాడు. ఆ సాయంత్రమే బస్సు ఎక్కిపోయే జనం. ఫోటో తీసి, చిరునామా రాసుకుని, వారంలో పోస్టులో పంపించడం అతని పని. ముక్కూ మొహం తెలియని వాణ్ణి నమ్మి, పిల్లాజెల్లాను వరసగా కూర్చోబెట్టి తీయించుకుని వెళ్ళిపోయేవాళ్ళు. పంపిన ఫోటో బాగుంటేనే అతని మాట నిలిచినట్టు. బాగాలేకపోతే మళ్ళీ తీయడానికి ఆ మనుషులు ఎక్కడ దొరుకుతారు?

ముందు అతని దగ్గర పాత కెమెరా ఉండేది, వెలుతురు కంటితోనే అంచనా కట్టేవాడు. తర్వాత అతని బావమరిది సింగపూరు నుంచి కరెంటు కన్ను ఉన్న పాత కెమెరా ఒకటి తెచ్చి ఇచ్చాడు. ఏడాది పాటు చక్కగా పనిచేసింది. తర్వాత దాని వెలుతురు బిళ్ళ చచ్చిపోయింది. బస్సెక్కి చిత్తూరు వచ్చాడు. నేను కొత్త బిళ్ళ వేశాను. నా తల పెట్టి సరిచేశాను.

నెల తిరక్కుండానే తిరిగి వచ్చాడు. ముఖాలు మసి పూసినట్టు వస్తున్నాయన్నాడు. నేను స్టూలెక్కి కూర్చుని నొక్కాను. రెండు టక్కుల మధ్య సరిగ్గా పావు సెకను. నా తలతో సరిచేసింది నా తలకు సరిపోక ఏమవుతుంది? బాగానే ఉందని పంపించేశాను. రెండోసారీ అదే తంతు. ఏకాంబరం గారు చెప్పినట్టు, ఎక్కడ తీస్తావు, ఎవరిని తీస్తావు అని ఒక్క ముక్క అడిగి ఉంటే ఈ కథే లేదు. నేను అడగలేదు. అడగడం తెలియనివాళ్ళ పని అనుకునేవాణ్ణి.

మూడోసారి వచ్చినప్పుడు జేబులోంచి పోస్టుకార్డులు తీసి బల్ల మీద పరిచాడు. ఊరూరి నుంచి వచ్చినవి. కొందరు తిట్టారు, కొందరు స్వామి చూస్తాడన్నారు. ఒక కార్డు మాత్రం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. ఒక తల్లి ఎవరి చేతనో రాయించింది. అయ్యా, మా బాబు ముఖం ఫోటోలో కనపడలేదు. పుట్టువెంట్రుకలు రెండోసారి తీయరు కదా అయ్యా. అంతే, ఇంకేమీ లేదు.

ఆ నెగటివులు తెచ్చాడు, చూశాను. నెగటివులోనే ముఖం లేదు. ఎవరు ప్రింటు వేసినా రాదు.

"నువ్వు చెయ్యి పెట్టకముందు బాగుండె కదన్నా," అన్నాడు మెల్లగా.

అంగడిలో అప్పుడు మిఠాయి అంగడాయన, చెంగల్రాయుడు, ఇంకో ఇద్దరు గిరాకీలు ఉన్నారు. వాళ్ళ ముందు ఆ మాట నాకు సూదిలా గుచ్చుకుంది. స్టూలెక్కి మళ్ళీ నొక్కి వినిపించాను. అందరి కెమెరాలూ బాగున్నాయి, నీ ఒక్కడిదే ఎందుకు చెడుతుందని అడిగాను. ఆ తర్వాత అనకూడని మాట అన్నాను.

"మిషను బాగానే ఉండాది మునిరత్నం. నీ చెయ్యే బాగలేదు. వణుకుతా ఉండాది."

అతను తన రెండు చేతులూ ముందుకు చాచి చూసుకున్నాడు. అందరూ ఆ చేతుల వైపే చూశారు. నలుగురు చూస్తుంటే ఎవరి చేతులైనా కాస్త వణుకుతాయి. కార్డులు ఏరుకుని జేబులో పెట్టుకున్నాడు. కెమెరా తీసుకోలేదు. "అయితే ఇది ఈడే ఉండనీ," అని వెళ్ళిపోయాడు.

ఆడలేక మద్దెల ఓడన్నాడని అంటారు. నేను మద్దెలను పాడుచేసి, నీకు ఆట రాదన్నాను.

మొక్కు

ఆరేడు నెలల తర్వాత నాకు పచ్చకామెర్లు వచ్చాయి. తగ్గితే గుండు ఇస్తానని సుశీల మొక్కుకుంది. మొక్కు ఆవిడది, జుట్టు నాది. తగ్గాక కొండకు పోయాం. కత్తి ఆడినంతసేపూ ఆ ఉంగరాల జుట్టు కింద పడుతుంటే కళ్ళనీళ్ళు వచ్చాయి. భక్తి అనుకుని సుశీల సంతోషించింది.

బయటికి వస్తుంటే, గంధం గిన్నెతో ఒకతను ఎదురొచ్చి కూర్చోమన్నాడు. కూర్చున్నాక చూస్తే మునిరత్నం. జుట్టు లేని నన్ను అతను చూడగానే పోల్చాడు. జుట్టున్న అతన్ని నేను పోల్చలేదు. ఫోటోల పని మానేసి గుండ్లకు గంధం పూస్తున్నాడట. నా జబ్బు సంగతి అడిగాడు, పథ్యం ఎన్నాళ్ళు చేయాలో చెప్పాడు. చెబుతూనే చల్లటి గంధాన్ని తలంతా పూశాడు. చెవుల మీదుగా, మెడ వెనక, గీత గీసినట్టు ఒకే అంచు. ఎక్కడా తొణకలేదు.

నేను ఊరుకోలేక చెయ్యి ఎలా ఉందని అడిగాను.

"నువ్వు చెప్పినాక, కెమెరా పట్టుకుంటే చాలు, వణుకుతా ఉన్నట్టే ఉండె అన్నా. దీనికైతే ఏం వణకదు," అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

చిత్తూరులో బస్సు దిగి, సుశీలను ఇంటికి పంపి నేరుగా అంగడికి పోయాను. తల కూడా కడుక్కోలేదు. సొరుగులోంచి మునిరత్నం కెమెరా తీసి, కొత్త బ్యాటరీ వేసి, అరలో పెట్టి స్టూలెక్కాను. నొక్కాను. టక్కుటక్కు. రెండూ కలిసే వినిపించాయి, మధ్యలో సందే లేదు. చెయ్యి జారిందేమోనని మళ్ళీ నొక్కాను. అదే. కెమెరా చెడిపోయిందనుకున్నాను. ఇంకో గిరాకీ కెమెరా పెట్టాను. అదీ అంతే. మూడోదీ అంతే.

అన్ని కెమెరాలూ ఒకే రోజు చెడవు కదా. ఎదురుగా అద్దంలో చూసుకున్నాను. బల్బు కింద నా గుండు, గంధంతో, పౌర్ణమి చంద్రుడిలా వెలుగుతోంది.

నల్ల తువ్వాలు తలకు చుట్టి నొక్కాను. టక్... టక్. తీసేసి నొక్కాను. టక్కుటక్కు. చుట్టాను, తీశాను, చుట్టాను, తీశాను. అన్నం చల్లారిపోతోందని పిలవడానికి వచ్చిన సుశీల గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. "ఏందయ్యా ఇది, కామెర్లు తలకెక్కినాయా?" అంది. స్టూలు మీదే కూర్చుండిపోయాను. ఆ వసారాలో కూర్చునేవాళ్ళందరివీ గంధం గుండ్లే. చంటిబిడ్డతో సహా. ఆ బాబు ముఖాన్ని తినేసింది నా జుట్టు. సిగ్గేసింది. సిగ్గు కంటే భయం వేసింది, ఎనిమిదేళ్ళలో ఇంకెన్ని ముఖాలో అని.

మర్నాడే పలక మీద విభూతి రుద్ది, బూడిద రంగు తేలేదాకా తుడిచి, గోడకు వేలాడదీశాను. ఎనిమిదేళ్ళు మద్రాసు నుంచి రాని అట్ట పావుగంటలో మా ఇంట్లోనే తయారైంది. దాని ఎదుట మునిరత్నం కెమెరాను సరిచేశాను. ఆ పైన, ఫిల్ము వేగం పెట్టే చక్రం మీద సుశీల గోళ్ళరంగుతో ఎర్ర చుక్క ఒకటి పెట్టాను. జుట్టున్నవాళ్ళకు మామూలు గీత, గుండ్లకు ఎర్ర చుక్క. చుక్క దగ్గరికి తిప్పితే కన్ను ఇంకాస్త సేపు తెరుచుకుంటుంది.

నలుగురిలో

కెమెరా సంచీలో పెట్టుకుని మళ్ళీ కొండకు పోయాను. మునిరత్నం గంధం గిన్నెతో అక్కడే ఉన్నాడు. పక్కకు పిలిచి మొత్తం చెప్పాను. తప్పు నీ చేతిది కాదు, నాదన్నాను. అతను అంతా విన్నాడు. గంధం చేతుల్ని గుడ్డకు తుడుచుకున్నాడు.

"ఆ దినం ఆ మాట నలుగుర్లో అంటివన్నా. ఇప్పుడు పక్కకు పిలిచి చెప్తా ఉండావు," అన్నాడు.

న్యాయమైన మాట. క్షౌరం చేసేవాళ్ళు, పూలమ్మే ఆడవాళ్ళు, గంధం వాళ్ళు, అతని తోటివాళ్ళంతా ఉన్న చోటికి పోయి నిలబడ్డాను. నా గొంతు నాకే వినపడలేదు. ఇతని చెయ్యి మంచిది, కెమెరాను చెడగొట్టింది నేను, చెడగొట్టి వణుకు ఇతని చేతికి అంటగట్టింది కూడా నేనే అని చెప్పాను. ఒక పూలావిడ ఇంకా గట్టిగా చెప్పు, వినపడలేదంది. ఇంకోసారి చెప్పాను. ముప్పై ఏళ్ళ పనిలో నేను చేసిన రిపేర్లలో కష్టమైనది అదే.

మునిరత్నం కెమెరా అందుకున్నాడు. ఎర్ర చుక్క దగ్గరికి చక్రం తిప్పాడు. నన్నే మెట్ల మీద కూర్చోమని, నా తలకు మళ్ళీ తాజాగా గంధం పూసి, వెనక్కి నడిచి నిలబడ్డాడు. అతని చేతుల్నే చూస్తూ కూర్చున్నాను. వణకలేదు. నొక్కాక, అందరినీ అడిగినట్టే నన్నూ చిరునామా అడిగి రాసుకున్నాడు.

ఆ రోజే ఇద్దరం కూర్చుని ఆ తల్లికి ఒక కార్డు రాశాం. తప్పు ఎవరిదో రాశాం. జవాబు రాలేదు. వస్తుందని ఎందుకు అనుకున్నామో ఇప్పుడైతే తెలియడం లేదు.

చిత్తూరు వచ్చాక, నా తలతో సరిచేసిన కెమెరాలన్నిటినీ కార్డులు రాసి వెనక్కి పిలిపించాను. మీకు నేను చెప్పేది కూడా అదొక్కటే. బల్ల దగ్గరే కూర్చోకండి. ఆ కెమెరా ఎక్కడ నిలబడుతుందో, ఎవరిని చూస్తుందో పోయి చూడండి. మనిషి చేతిని అనేముందు మీ స్క్రూను అనండి.

వారానికి మునిరత్నం దగ్గర నుంచి కవరు వచ్చింది. అందులో నా ఫోటో. నున్నటి గుండు, కామెర్లకు పీక్కుపోయిన దవడలు, తప్పు చేసిన కళ్ళు, అన్నీ ఉన్నదున్నట్టు ఉన్నాయి. పని మానేసేదాకా అది నా బల్ల ఎదురుగా, పలక పక్కనే ఉంది. మొక్కు ఫోటోనా అని అడిగినవాళ్ళకు అవుననేవాణ్ణి. వెనక్కి తిప్పి ఎవరికీ చూపలేదు. వెనక మునిరత్నం పెన్సిలుతో ఒకే ముక్క రాశాడు.

"అన్నా, ముఖం కనిపిస్తా ఉండాదా?"